ఆలాపన చేసేటప్పుడు మీ తలలో నిజంగా ఏం జరుగుతుంది? వాయించేవాళ్లు, పాడేవాళ్లు చెప్పండి

వర్ణం దాటలేదు

అందరికీ నమస్కారం. కూకట్‌పల్లిలో ఉంటాను, బ్యాంకులో ఉద్యోగం. పెళ్లయ్యాక మానేసిన గాత్రం మళ్లీ మొదలుపెట్టి కొన్నేళ్లయింది. వర్ణాలు, కృతులు ఫర్వాలేదు, పాడగలను. ఈమధ్య మా టీచర్‌గారు "ఇంక నేను పాడి వినిపించను, మోహన ఆలాపన నువ్వే చెయ్యి" అన్నారు. అంటే పాట, తాళం ఏమీ లేకుండా మోహన రాగాన్ని అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడాలి. అక్కడ మొదలైంది టెన్షన్.

స రి గ దాకా బాగానే వెళ్తాను. పంచమం దగ్గరికి రాగానే నా నోట్లోంచి అదే రాగంలో కంఠతా నేర్చుకున్న 'నిన్ను కోరి' వర్ణం ముక్కలు వచ్చేస్తాయి. అవి తప్పించుకుందామని పక్కకి వెళ్తే యూట్యూబ్‌లో విన్న ఏదో కచేరీలో సంగతి, అంటే ఎవరో తిప్పిన స్వరాల మలుపు, వస్తుంది, అదీ సగమే. ఆ తర్వాత ఏమీ రాదు. శృతిపెట్టె ఒక్కటే మోగుతూ ఉంటుంది. టీచర్‌గారు ఏమీ అనరు. తలాడిస్తూ ఎదురుచూస్తారు. దానికన్నా రెండు తిట్టినా బావుణ్ను.

పెద్ద విద్వాంసుల ఇంటర్వ్యూలు చూస్తే "అంతా అమ్మవారి దయ" అంటారు, "ఆ క్షణానికి అలా వచ్చేసింది" అంటారు. నేను కాదనట్లేదు. కానీ ఆ "వచ్చేసింది" అనే చోట అసలు ఏం జరుగుతుంది? తర్వాతి స్వరం ముందే లోపల వినిపిస్తుందా? లేక గొంతు వెళ్లాక "ఓహో, ఇక్కడికి వచ్చానా" అని తెలుస్తుందా? సాధకం ఎలా చెయ్యాలో చెప్పేవాళ్లు నాకు చాలామంది ఉన్నారు. మీకు ఎలా అనిపిస్తుందో అది చెప్పండి. కర్ణాటక సంగీతమే కానక్కర్లేదు.

---

రాత్రి మిక్సింగ్

టీవీ సీరియళ్లకి రీరికార్డింగ్ చేస్తాను, కీబోర్డ్ ప్రోగ్రామింగ్. మా దగ్గర అమ్మవారి దయ కన్నా ముందు ఎపిసోడ్ టైమ్ వస్తుంది. సాయంత్రం పిక్చర్ వస్తుంది, తెల్లారేసరికి మిక్స్ వెళ్లిపోవాలి. అత్తగారు తలుపు తీసిన షాట్‌కి ఏం వాయించాలో ఆలోచించే తీరిక ఉండదు, చెయ్యి పెట్టేస్తాం. చెయ్యి పెట్టాక మొదట వచ్చేది ఎప్పుడూ పాతదే. పోయిన వారం అత్తగారికి వాయించిందే. అది వాయించేసి పక్కన పడేస్తే గానీ రెండోది రాదు.

అన్నిటికన్నా కష్టం ఎక్కడంటే, ఎడిటింగ్‌లో ఎవరిదో పాత మ్యూజిక్ పెట్టుకుని పంపిస్తారు. "అచ్చం ఇలాగే కావాలి, కానీ ఇది కాకూడదు" అంటారు. వారాల తరబడి ఆ మ్యూజిక్‌తోనే సీను చూసి చూసి వాళ్లకి ఇంకేదీ నచ్చదు. మీ వర్ణం సమస్యే మాదీనూ.

నిజంగా కొత్తవి వచ్చేది బండి మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు. హెల్మెట్‌లోనే కూనిరాగం తీసి ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటా. రాత్రి వింటే చాలావరకు చెత్త. హారన్ల మధ్య అద్భుతంగా అనిపించింది స్టూడియోలో పేలవంగా ఉంటుంది. అయినా తీసెయ్యను.

---

కాలిపెట్టె

అమ్మా, నేను నాటకాల హార్మనిస్టుని. తెనాలి పక్క పల్లెటూరు. మాది కాళ్లతో తొక్కే పెట్టె, ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. కింద తొక్కుతుంటే పైన రెండు చేతులూ ఖాళీ. ఎడమచెయ్యి శృతి పట్టుకుంటుంది, కుడిచెయ్యి నటుడి వెంట పడుతుంది. సంగీతం వాళ్లు మమ్మల్ని సంగీతం వాళ్లలో లెక్కెయ్యరు. అయినా కర్ణాటకమే కానక్కర్లేదన్నావు కాబట్టి రాస్తున్నా.

పద్యానికి తాళం లేదు. ఉత్పలమాల తీసుకో. పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి, ఏది గురువో ఏది లఘువో అంతా కవి బిగించి పెట్టాడు. ఎంతసేపు పాడాలన్నది మాత్రం వదిలేశాడు. ఒకే పద్యాన్ని ఒకాయన నిమిషంలో దించేస్తాడు, ఇంకొకాయన రాగం లాగి లాగి జనాన్ని నిలబెట్టేస్తాడు. తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలు మా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎడ్లబండి తోలేవాడికి కూడా నోటికొచ్చు. పద్యం ముందే తెలిసినవాడు తెల్లవార్లూ చలిలో గోనెపట్టా వేసుకుని ఎందుకు కూర్చుంటాడు? ఇవాళ ఈయన దాన్ని ఎక్కడ ఆపుతాడో, ఎక్కడ వదులుతాడో చూడ్డానికి. ఒక్క నాటకంలోనే పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు ఉంటారు. ఒకాయనది నాలుగున్నర శృతి, ఇంకొకాయనది ఐదున్నర. తెర పడి లేచేలోగా నా వేళ్లు ఇల్లు మారాలి.

నువ్వు అడిగావు కదా, తర్వాతి స్వరం ముందే వినిపిస్తుందా అని. నాకు స్వరం వినిపించదు. నటుడి ఊపిరి వినిపిస్తుంది. పాదం అయిపోయి రాగం ఎత్తుకునే ముందు ఆయన గాలి తీసుకుంటాడు. భుజాలు లేచి పొట్ట నిండితే దూరం వెళ్తాడని అర్థం. చిన్నగా ముక్కుతో తీసుకుంటే ఇక్కడే తిరిగి కింద వాలిపోతాడు. ఆ గాలి తీసుకునే సందు నాది. అక్కడ నేను పంచమం మీద వదిలితే ఆయన పంచమం మీంచి ఎత్తుకుంటాడు. ధైవతం చూపించి ఊరుకుంటే పైషడ్జం వైపు చూస్తాడు. ఒక్కోసారి నేను చూపించింది కాదని ఎటో పోతాడు, అప్పుడు మజా. నేను ఏదీ ముందు అనుకోను. అనుకున్న రోజున నా చెయ్యి ఆయన కన్నా ముందు నడుస్తుంది, ఆయన నా వంక గుడ్లురుముతాడు.

ఒక శివరాత్రి సంగతి చెప్తా. హరిశ్చంద్ర, కాటి సీను, తెల్లవారుజాము. ఆ సీనులో జాషువాగారి పద్యాలు పాడతారు, వాటికోసమే నిద్ర ఆపుకుని కూర్చునే జనం ఉంటారు. ఆ రోజు హరిశ్చంద్రుడికి జలుబు. సాయంత్రం నుంచి మిరియాల కషాయం తాగుతూనే ఉన్నాడు. శివరంజని ఎత్తుకున్నాడు. మామూలుగా ఆయన పైషడ్జం దాటి గాంధారం మీద నిలబడితే పందిట్లో ఈలలు. ఆ రాత్రి రిషభం దాకా వెళ్లి ఆగాడు. గొంతులో జీర నాకు వినబడింది, ఇంక పైకి లేవదు. నా వేలు గాంధారం మెట్టు మీదే ఉంది. నొక్కితే చాలు, ఆయన వదిలింది పెట్టె అందుకుంది అనుకుంటారు, ఆయన పరువు దక్కుతుంది. నొక్కలేదు. ఎందుకు నొక్కలేదంటే నేను చెప్పలేను, నీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉందేమో మరి. నేనూ ఆ రిషభం మీదే ఉండిపోయి కాలు నెమ్మది చేశాను. గాలి తగ్గితే పెట్టె గొంతు సన్నబడుతుంది. ఆయన ఆ రిషభాన్ని షడ్జానికి దించి, మళ్లీ ఎత్తి, మళ్లీ దించి, అక్కణ్ణుంచి ఒక్కసారిగా కిందికి జారిపోయాడు. తబలా అతను చెయ్యి గాల్లోనే పెట్టుకుని నా వంక చూస్తున్నాడు. జనం గాంధారం కోసం నోరు తెరుచుకుని ఉన్నారు, అది రాలేదు. ముందు వరసలో ఒక ముసలాయన "అయ్యో" అన్నాడు. పెళ్లాన్నీ కొడుకునీ అమ్ముకున్నవాడికి గాంధారం అందకపోతేనే బావుందని వాళ్లకి అనిపించిందేమో, వన్స్ మోర్ కొట్టారు.

తర్వాత జలుబు తగ్గింది. ఆయన గాంధారానికి వెళ్లడం మానేశాడు. రిషభం దగ్గర ఆగడం ఆయన సంగతి అయి కూర్చుంది. ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లు కూడా అక్కడే ఆగుతారు, అది మా గురువుగారి బాణీ అంటారు. జలుబు బాణీ అని నాకూ తబలా అతనికీ తెలుసు.

అన్ని ఊళ్లలోనూ పండలేదు, అది కూడా చెప్పాలి. కొన్నిచోట్ల ఆయన ఆగితే "ఏమైంది ఈయనకి" అన్నట్టు చూశారు. ఆగడం నేర్చుకున్నాడు గానీ ఆ రోజు ఎందుకు ఆగాడో అది రోజూ రాదు కదా.

వన్స్ మోర్ గురించి ఒక ముక్క. దాన్ని మించిన గురువు లేడు. మొదటిసారి నువ్వు ఇంట్లో తయారైంది పాడేశావు. జనం ఈలలేసి మళ్లీ కావాలన్నారు. ఒకాయన స్టేజీ ఎక్కి చొక్కాకి నోటు గుచ్చాడు కూడా. ఇప్పుడు అదే మళ్లీ పాడితే సగం చప్పట్లు. మరి ఏం పాడతావు? ఆలోచించే టైము లేదు. అప్పుడు నోట్లోంచి వచ్చేవి మొదటిసారి రావు. మీ ఇంట్లో ఎవర్నైనా కూర్చోబెట్టి వన్స్ మోర్ అనమను.

---

పంచమం తీగ

కాలిపెట్టె గారూ, జలుబు బాణీ చదివి చాలాసేపు నవ్వుకున్నాను. నేను వయొలిన్, రేడియోలో చేసి రిటైరయ్యాను, చదువు విజయనగరం కాలేజీలో. మీరు జనం, వన్స్ మోర్ అంటున్నారు. మా స్టూడియోలో జనం ఉండరు. గోడలకి చప్పుడు పీల్చే పలకలు, కింద తివాచీ, ఎర్రలైటు. లైటు వెలిగిందంటే గాత్రం, వయొలిన్, మృదంగం, ముగ్గురమే. దగ్గొచ్చినా మింగాలి. అక్కడ కూడా వచ్చే రోజు వచ్చేది, రాని రోజు రాలేదు. కాబట్టి అంతా ఎదుటివాళ్ల నుంచే వస్తుందంటే నేను ఒప్పుకోను.

అమ్మాయ్, నువ్వడిగిన దానికి నా అనుభవం. ఒకసారి కల్యాణి రాగంలో 'నిధి చాల సుఖమా' వచ్చింది. 'మమత బంధన యుత' దగ్గర నెరవలు. నెరవల్లో సాహిత్యం ఉన్న చోటే ఉంటుంది, తాళంలో దాని అక్షరాలు కదలవు, చుట్టూ స్వరమే మారుతుంటుంది. పాడుతున్నాయన మొదటి రెండు మూడు ఆవర్తనాలు, అంటే తాళం రెండు మూడు చుట్లు తిరిగేదాకా, అందరూ పాడేలాగే పాడారు, నేనూ అందరూ వాయించేలాగే జవాబిచ్చాను. ఆ తర్వాత 'నరస్తుతి' అన్న మాటని మంద్ర నిషాదం దాకా, అంటే కింది స్థాయికి, దించేశారు. కల్యాణిలో ఎవరైనా పైకి వెళ్లి మెరిపించాలనుకునే చోటు అది. మనుషుల్ని పొగడటం సుఖమా అని త్యాగరాజు అడుగుతున్నాడు కదా, ఆ మాటని కింద, మసకలో పెట్టి, 'సుఖమా' అన్నదాన్ని మాత్రం పైకి ప్రశ్నలాగా వదిలి ఊరుకున్నారు. నేను అంతకుముందు ఎన్నోసార్లు ఆ కృతికి వాయించాను. ఆ లైను ప్రశ్న అని నా విల్లుకి ఆ రోజే తెలిసింది. నా వంతులో నేనూ కిందికే వెళ్లాను, కానీ ఆయన కిందికి దించినచోట కాదు, 'బంధన' దగ్గర. ఆయన నావైపు తిరిగి చూశారు. లైటు ఆరిపోయాక మేమిద్దరం దాని గురించి ఒక్క మాటా అనుకోలేదు, కాఫీ తాగి ఎవరి బస్సు వాళ్లు ఎక్కాం.

స్వరం ముందు వినిపించిందా అంటే, లేదు. మాట వినిపించింది.

అయితే ఇది స్టేజీ మీద ఊడిపడదు. మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు అల్లే సంగీతానికి, పెద్ద శత్రువు వేళ్ల అలవాటు. వేళ్లు ఇదివరకు వెళ్లిన చోటికే వెళ్తాయి, అవి మనకన్నా ముందు బయల్దేరతాయి. దాన్ని విరగ్గొట్టడానికి నేను ఇప్పటికీ చేసే పని, ఒకే తీగ మీద ఒకే వేలితో ఆలాపన వాయించడం. అలవాటైన పట్టులు ఏవీ పడవు. ప్రతి స్వరానికీ జారుకుంటూ వెళ్లాలి, ఎంత దూరమో చెవే కొలవాలి. ఆ ఇబ్బందిలో కొత్త దారులు కనిపిస్తాయి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి రికార్డులు వింటే విల్లు ఎంత నెమ్మదిగా, ఎంత నిండుగా నడుస్తుందో తెలుస్తుంది, హడావుడి ఉండదు. గబగబా వాయించేటప్పుడు వచ్చేదంతా అలవాటే.

వర్ణం వస్తోందని బాధపడకు. రాగంలో ఉన్న ముఖ్యమైన సంచారాలన్నీ ఒకచోట దాచిపెట్టేదే వర్ణం, అది రాకపోతేనే కంగారుపడాలి. బాలమురళీకృష్ణగారు స గ ప ని నాలుగే స్వరాలతో మహతి అనే రాగం చేశారు, స రి మ ద నాలుగింటితో లవంగి చేశారు. సరదాగా మహతిలో పాడి చూడు. అందులో నువ్వు నేర్చుకున్న వర్ణం లేదు, నీకు గుర్తున్న కచేరీ లేదు. నాలుగు స్వరాలతో ఎంతసేపు నిలబడగలవో తెలుస్తుంది. తర్వాత మోహనకి వస్తే ఐదు స్వరాలు బోలెడు ఆస్తిలా అనిపిస్తాయి.

హార్మనీ వారికి చిన్న చురక: మీ పెట్టెలో రెండు మెట్ల మధ్య ఏమీ లేదు. మా సంగీతమంతా ఆ మధ్యలోనే ఉంది.

---

కాలిపెట్టె

వయొలిన్ అమ్మగారూ, తెలుసండీ. 1940లో ఆలిండియా రేడియో మా పెట్టెని గుమ్మం బయట పెట్టింది. 1971 దాకా లోపలికి రానివ్వలేదు. గమకం, అంటే స్వరాన్ని ఊపడం, పలకదని, స్వరస్థానాలు మన సంగీతానికి సరిపోవని. అందులో అబద్ధం లేదు. తోడి రాగంలో గాంధారం నా మెట్టు మీద నొక్కితే నాకే సిగ్గేస్తుంది.

కానీ లేనిది తెలిసిపోయాక ఉన్నదాని మీద ధ్యాస పెరుగుతుంది. నాకు మధ్యలో ఏమీ లేదు కాబట్టి ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు వదలాలి, గాలి ఎంత ఇవ్వాలి, ఈ మూడే నా చేతిలో ఉన్నాయి. నటుడు స్వరాన్ని ఊపుతుంటే నేను ఊపలేను. అందుకని ఆయన ఊపు అయ్యేదాకా ఆగి, ఆయన నిలబడ్డాక నొక్కుతా. ఆలస్యంగా వచ్చినట్టుంటుంది గానీ ఆ ఆలస్యమే జనానికి ఏడుపు తెప్పిస్తుంది. మీరన్న ఒకే వేలి సాధకం లాంటిదే ఇదీనూ. మీరు కావాలని చేస్తారు, మాకు పెట్టె చేయిస్తుంది.

జనం లేకుండా కూడా వస్తుందన్నారు. మీకు ఆ పాడేయన ఉన్నాడు కదండీ పక్కన. ఒక్కడున్నా జనమే.

---

రాత్రి మిక్సింగ్

నా పక్కన ఏసీ మిషన్ తప్ప ఎవరూ ఉండరు సార్.

ఇంకో విషయం. 2008లో అమెరికాలో లిమ్, బ్రౌన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఆరుగురు జాజ్ పియానో వాళ్లని ఎంఆర్ఐ మిషన్‌లో పడుకోబెట్టి, ఒళ్లో చిన్న ప్లాస్టిక్ కీబోర్డు పెట్టి, ఒకసారి కంఠతా వచ్చింది, ఒకసారి అప్పటికప్పుడు పుట్టించింది వాయించమన్నారు. అప్పటికప్పుడు వాయిస్తున్నప్పుడు మెదడు ముందు భాగంలో, మనల్ని మనం గమనించుకుంటూ ఇది సరే ఇది తప్పు అని సరిచూసుకునే చోట పని తగ్గింది. సొంత సంగతి చెప్పుకునేటప్పుడు చురుగ్గా ఉండే ఇంకో చోట పని పెరిగింది. అక్కగారు పంచమం దగ్గర ఇరుక్కుంటున్నది పాట రాక కాకపోవచ్చు. "ఇది వర్ణమా, ఇది యూట్యూబా" అని చెక్ చేసుకోవడం వల్లే కావచ్చు.

---

కాలిపెట్టె

అంటే మెదడులో హెడ్మాస్టారు టీ తాగడానికి బయటికెళ్లాడన్నమాట.

---

పంచమం తీగ

ఆయన బయటికెళ్లినా క్లాసు నడిచిందంటే పిల్లలు అప్పటికే చదువుకుని ఉన్నారు. ఆ ఆరుగురూ ఏళ్ల తరబడి వాయించి వాయించి ఉన్నవాళ్లు, ఆ సంగతి మర్చిపోవద్దు. ఏమీ నేర్చుకోకుండా తనిఖీ మానేస్తే వచ్చేది అపస్వరమే.

ట్యూన్ కట్టే వాళ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఒక మాట. అన్నమయ్య (1408–1503) కీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి. రాగం పేర్లు ఉన్నాయి గానీ స్వరం రాసి లేదు. మనం ఇవాళ పాడుకుంటున్న వరసలు చాలామటుకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు లాంటివాళ్లు మొన్నమొన్న కట్టినవే. 'నానాటి బతుకు నాటకము' నేదునూరిగారు రేవతిలో పెట్టారు. గాంధారం, ధైవతం లేని రాగం. బతుకు నాటకం అన్న మాటకి రాగంలోనే ఏదో లోటున్నట్టు ఉంటుంది. ఇది నా ఊహ, ఆయన ఎందుకు పెట్టారో నేను అడగలేదు. కానీ కొందరికి కల్పన ఆవర్తనం తిరిగేలోపు రావాలి, కొందరికి ఒక మాటతో నెలల తరబడి కూర్చుంటే వస్తుంది. రెండోవాళ్లు ఆలాపనలో కూడా గొప్పవాళ్లే అయి ఉండాలని లేదు. నేదునూరిగారు రెండూ చేశారు, అది వేరే విషయం.

---

వర్ణం దాటలేదు

అందరికీ చాలా థాంక్స్. "స్వరం కాదు, మాట వినిపించింది" అన్నది చదివాక ఆఫీసులో పని మీద ధ్యాస నిలవలేదు. ఎందుకంటే ఆలాపనలో మాట ఉండదు కదా! త ద రి న అంటాం, లేదా అకారం. పట్టుకోవడానికి నాకేమీ లేదు.

కాలిపెట్టె గారూ, తాళం లేదు, కొలత ఉంది, మాట ఉంది అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నేను పద్యంతో మొదలుపెట్టొచ్చా? మా టీచర్‌గారికి చెప్తే ఏమంటారో తెలీదు. స్కూల్లో నేర్చుకున్నవి తప్ప పద్యాలేవీ రావు నాకు.

---

కాలిపెట్టె

స్కూలు పద్యమే చాలు. పోతనగారి 'ఎవ్వనిచే జనించు' వచ్చా? గజేంద్రుడు మొర పెట్టుకునేది. రాని తెలుగువాడు ఉండడు. ఉత్పలమాల. 'ఎవ్వనిచే జనించు జగ' దాకా ఒకటి, 'మెవ్వని' దగ్గర యతి పడుతుంది, అక్కడ నిలబడొచ్చు. అసలు విషయం అది కాదు. పద్యం పొడుగునా ఎవ్వని, ఎవ్వడు, ఎవ్వడు అని అడుగుతూనే ఉంటాడు. మొసలి కాలు పట్టుకుంది, బలం అయిపోయింది, ఎవర్ని పిలవాలో తెలీదు. అన్నిసార్లు ఎవ్వడు అంటే అన్నీ ఒకే స్వరం మీద అడుగుతావా? అడగలేవు. నోరే మారుస్తుంది.

మోహనలోనే పాడు. ముందు ఏమీ అనుకోవద్దు. ప్రతి 'ఎవ్వడు' దగ్గరా ఆగి, ఆ మాట మీదే కాసేపు తిరుగు. తిరిగేటప్పుడు మాట వదిలేసి అకారంలోకి జారు. అదే ఆలాపన, అంతకన్నా ఏముంది? మళ్లీ మాటకి వచ్చెయ్. తొందరగా పాడితే ఏడుపులా ఉంటుంది, మరీ లాగితే నాటకంలా ఉంటుంది. నాటకంలా ఉన్నా నాకేం అభ్యంతరం లేదులే.

---

పంచమం తీగ

టీచర్‌గారు ఏమీ అనరు. కచేరీల్లో శ్లోకమో పద్యమో రాగమాలికగా పాడటం మనకి ఉన్నదే, తాళం లేకుండానే. విరుత్తం అంటారు తమిళం వైపు. మొదలుపెట్టు.

---

వర్ణం దాటలేదు

ఆదివారం పొద్దున డాబా మీద పాడాను. కింద ఇంట్లో కుక్కర్ మోతకి ఎవరికీ వినబడదని ధైర్యం.

మొదటి 'ఎవ్వని' దగ్గర యథాప్రకారం గాంధారం, వర్ణం. రెండోది కూడా అంతే. 'మూలకారణంబెవ్వడు' దగ్గర ఏమైందంటే, అది వరకు పైకే వెళ్తున్నాను కదా, ఊపిరి సరిపోలేదు. కిందికి వచ్చాను. మంద్ర ధైవతం మీద ఆగాను. నేను మోహనలో ఎప్పుడూ అక్కడ ఉండలేదు, మీంచి దాటుకుని పోవడమే. అక్కడే ఉండి షడ్జానికి వెళ్లి మళ్లీ దానికే వచ్చి, అలా కొంచెంసేపు తిరిగాను. తర్వాతి స్వరం ముందు వినిపించలేదు. భయం కూడా వెయ్యలేదు, ఎందుకంటే 'ఎవ్వడు' అని ఇంకా అడగాల్సింది ఉంది కదా అనిపించింది.

మంగళవారం క్లాసులో అదే మంద్ర ధైవతంతో ఆలాపన మొదలుపెట్టాను, పద్యం సంగతి చెప్పకుండా. టీచర్‌గారు మొదటిసారి తలాడించడం ఆపి, "ఇదెక్కడ విన్నావు?" అన్నారు. ఎక్కడా వినలేదంటే నమ్మలేదు. ఎవరి కచేరీయో లింకు పంపమన్నారు!

పంచమం దగ్గర మాత్రం వర్ణం వస్తూనే ఉంది. చివర 'వేడెదన్' దగ్గర ఎలా ముగించాలో కూడా తెలియట్లేదు, షడ్జం మీద ధబ్బున పడిపోతున్నాను.

---

కాలిపెట్టె

లింకు అడిగారా! దాన్ని మించిన వన్స్ మోర్ లేదు.

'వేడెదన్' దగ్గర పొల్లు ఉంది చూశావా, నకారం. నోరు మూసుకుపోతుంది, రాగం అక్కడ లాగితే ముక్కుతో పాడినట్టుంటుంది. అందుకని 'వేడె' మీద తిరగాల్సిందంతా తిరుగు, 'దన్' చిన్నగా వదిలెయ్. షడ్జం మీద పడాలని కూడా ఏమీ లేదు. మా వాళ్లలో కొందరు పంచమం మీద వదిలి ఊరుకునేవాళ్లు, నేను పెట్టె మీద షడ్జానికి తెచ్చి దించేవాణ్ని. నీకు శృతిపెట్టె ఉంది కదా, షడ్జం అదే మోగుతుంది, నువ్వు దాన్ని కూడా మోయక్కర్లేదు.

ఈసారి ఫోన్‌లో రికార్డు చేసి ఇక్కడ పెట్టు. ఏ శృతో కూడా రాయి. నేనూ పెట్టె తీసి వెంట వాయించి పెడతా. ఐదున్నర అయితే మాత్రం రెండు రోజులు టైమివ్వు. ఆ నల్లమెట్టు రీడు మొరాయిస్తోంది, తెనాలి వెళ్లి మార్పించుకురావాలి.

---

పంచమం తీగ

రీడు మారాక ఆ తోడి గాంధారం ఒకసారి వినిపించండి హార్మనీ గారూ. నేనేమీ అనను.